నొక్కి దిద్దుకునే వెబ్‌సైట్: ప్రాజెక్టు డైరీ

సోమవారం

కొత్త పని ఒప్పుకున్నాను. ఒక చిన్న గ్రంథాలయానికి వెబ్‌సైట్. వాళ్లకి ఇప్పటికే ఒకటి ఉంది, చూడ్డానికి బాగానే ఉంటుంది కూడా. కాకపోతే అందులో ఒక్క అక్షరం మార్చాలన్నా, కట్టినవాళ్లకి మెయిల్ పెట్టి ఎదురుచూడాలి. సెలవు నోటీసు సైట్‌లోకి ఎక్కేసరికి సెలవు కాస్తా అయిపోతుంది. లైబ్రేరియన్ గారు అడిగింది ఒక్కటే: "రాసుకునేది మేం రాసుకుంటామమ్మా. అందంగా ఉండేట్టు చూడ్డం మాత్రం నీ పని."

రాత వాళ్లది, రూపం నాది. ఈ రెంటికీ మధ్య హద్దు ఎక్కడ పెట్టాలన్నదే ఈ ప్రాజెక్టు. మిగతాదంతా కోడు.

దిద్దేవాళ్లు ఇద్దరు. లైబ్రేరియన్ గారికి మెయిల్, వర్డ్ బాగా అలవాటు. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయికి కంప్యూటర్‌తో పనే లేదు, సమస్తం ఫోన్‌లోనే. కాబట్టి ఫోన్‌లో కూడా సాఫీగా దిద్దగలగాలి.

వర్డ్‌ప్రెస్ పెట్టేస్తే పోలేదా అనుకోకుండా ఉండలేదు. 2003 నుంచి ఉన్నది, దారీతెన్నూ అందరికీ తెలిసినది. 2018 డిసెంబరులో 5.0తో బ్లాక్ ఎడిటర్ వచ్చాక రాయడం తేలికైంది కూడా. అయినా దాని అడ్మిన్ తెర ఒక లోకం, సైట్ ఇంకో లోకం. పని వేళలు మార్చాలని వచ్చిన మనిషికి ఎడమ పక్కన పోస్టులు, పేజీలు, మీడియా, ప్లగిన్లు, సెట్టింగులు అంటూ బారెడు మెనూ ఎదురవుతుంది. ఆ వేళలు పేజీలో ఉన్నాయా, విడ్జెట్‌లో ఉన్నాయా, థీమ్‌లో ఉన్నాయా అన్నది కట్టినవాడికి తప్ప ఇంకొకరికి తెలియదు. పైగా ప్లగిన్ల అప్‌డేట్లు ఎవరో ఒకరు నెలనెలా చూసుకుంటూ ఉండాలి. విక్స్ లాంటి వాటిలో ఇబ్బంది ఇంకో రకం: దేన్నయినా ఎక్కడికైనా లాగి పారేయొచ్చు. వాళ్లకి అక్కర్లేని స్వేచ్ఛ అది.

అందుకని పేజీ మీదే దిద్దే పద్ధతి. సైట్ ఎలా కనిపిస్తుందో అలాగే ఉంటుంది, లాగిన్ అయితే దిద్దదగ్గ చోట సన్నటి చుక్కల గీత కనిపిస్తుంది, అక్కడ నొక్కి రాయడమే. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1990లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన మొట్టమొదటి బ్రౌజర్ చదవడానికే కాదు, దిద్దడానికి కూడా పనికొచ్చేది. తర్వాత జనంలోకి వెళ్లిన బ్రౌజర్లు చదవడం ఉంచుకుని దిద్దడం వదిలేశాయి. ఆ ఖాళీ పూడ్చడానికి వికీలు వచ్చాయి, పేజీలు కట్టుకునే ఫ్రంట్‌పేజ్ వచ్చింది, 2002లో మాక్రోమీడియా వాళ్ల కాంట్రిబ్యూట్ వచ్చింది. కాంట్రిబ్యూట్ ఉద్దేశం అచ్చం మనదే: డిజైనర్ కట్టిన పేజీలో కట్టడం జోలికి పోకుండా మాటలు మాత్రం మార్చుకోవడం.

బుధవారం

కోడు మొదలుపెట్టే ముందు పాత సైట్ పేజీలన్నీ ప్రింట్ తీసి తీసుకెళ్లాను. "ఈమధ్య ఏమేం మార్చమని అడిగారో వాటి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి సార్" అన్నాను. ఇద్దరూ కూర్చుని చుట్టారు. పని వేళలు. నోటీసులు. కార్యక్రమాలు. కొత్తగా వచ్చిన పుస్తకాలు. ఫోన్ నంబరు. కార్యవర్గంలో పేర్లు. ఒక ఫొటో.

రంగుకి సున్నా చుట్టలేదు. ఫాంటుకి లేదు. మెనూకి లేదు. "మీకు ఏమేం మార్చుకునే వీలు కావాలి" అని అడిగి ఉంటే "అన్నీ" అనేవారు, ఎవరైనా అంతే అంటారు. గతంలో ఏం మార్చాల్సి వచ్చిందని అడిగితే ఆ పట్టిక చేతి వేళ్లకి సరిపోయేంత చిన్నది. క్లయింట్లతో పనిచేసే ఎవరికైనా ఈ కాగితం పద్ధతి గట్టిగా సిఫారసు చేస్తాను.

ఆ సున్నాలే డేటా నమూనా అయ్యాయి. పేజీని వర్ణించే హెచ్‌టీఎంఎల్ కోడులో దిద్దదగ్గ ప్రతి ముక్కకీ ఒక డేటా యాట్రిబ్యూట్ (ట్యాగుకి తగిలించే గుర్తు), దానికో పేరు. వాటిలో నాలుగే రకాలు: ఒక వరుస మాట, పేరాలు, బొమ్మ, జాబితా. జాబితా అంటే ఒకే అచ్చులో ఎన్నైనా చేర్చుకునేవి, కార్యక్రమాల్లాగా. ఆ అచ్చు నాది, సంఖ్య వాళ్లది. ఒక్కో పేజీ విషయం అంతా ఒక జేసన్‌గా (పేరు, విలువ జతలుగా రాసిన పాఠం), ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఒక వరుస. సర్వర్ దాన్ని టెంప్లేట్‌లో పోసి మామూలు హెచ్‌టీఎంఎల్ పంపుతుంది. చూసేవాళ్ల బ్రౌజర్‌కి ఎడిటర్ కోడు ఒక్క బైటు కూడా వెళ్లదు. లాగిన్ అయినవాళ్లకే అది దిగుతుంది.

హెచ్‌టీఎంఎల్ మొత్తాన్ని ఒకే ముద్దగా దాచుకుంటే పని తొందరగా అయిపోయేదే. కానీ రెండేళ్ల తర్వాత డిజైన్ మార్చినప్పుడు ఆ ముద్దలోంచి ఫోన్ నంబరు ఏదో, చిరునామా ఏదో ఏరుకోవాలి.

శుక్రవారం

కంటెంట్‌ఎడిటబుల్ అనే యాట్రిబ్యూట్‌తో రోజంతా కుస్తీ. 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5తో వచ్చిన సరుకు ఇది, తర్వాత హెచ్‌టీఎంఎల్5లోకి చేరింది. డెమో చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది: ఒక్క యాట్రిబ్యూట్ తగిలిస్తే చాలు, పేజీలో ఎక్కడైనా టైప్ చేయొచ్చు. అసలు సంగతి ఎంటర్ నొక్కాక తెలుస్తుంది. శీర్షికలో ఎంటర్ కొడితే డివ్ అనే కొత్త పెట్టె ట్యాగు ఒకటి పుడుతుంది. రెండు పేరాల మధ్య బ్యాక్‌స్పేస్ కొడితే పక్క పేరా స్టైల్ అంతా మాటల చుట్టూ స్పాన్ ట్యాగులుగా అతుక్కుపోతుంది. బయటికి ఏమీ తేడా ఉండదు, లోపల మాత్రం చెత్త పేరుకుంటూ పోతుంది.

ఒక వరుస మాటలకి దారి తేలిగ్గానే దొరికింది. ఆ యాట్రిబ్యూట్‌కే 'ప్లెయిన్‌టెక్స్ట్-ఓన్లీ' అనే విలువ ఉంది, వట్టి అక్షరాలు తప్ప ఇంకేమీ లోపలికి రానివ్వదు. క్రోమ్, సఫారీల్లో ఎప్పట్నుంచో ఉంది, 2025లో ఫైర్‌ఫాక్స్ కూడా చేర్చుకుంది. ఎంటర్‌ని మాత్రం నేనే ఆపాలి. దానికి మీట నొక్కగానే వచ్చే కీడౌన్ ఈవెంట్‌ని (బ్రౌజర్ ఇచ్చే కబురుని) నమ్ముకోకూడదు. ఆండ్రాయిడ్ కీబోర్డుల్లో చాలాసార్లు ఏ మీట నొక్కారో అది చెప్పదు, 229 అనే ఒక గుడ్డి సంఖ్య ఇచ్చి ఊరుకుంటుంది. 'బిఫోర్‌ఇన్‌పుట్' ఈవెంట్ అయితే ఏం జరగబోతోందో చెబుతుంది: కొత్త పేరానా, అతికింపా, చెరిపివేతా అని. అక్కడ ఆపాను.

పేరాలకి మాత్రం ప్రోజ్‌మిర్రర్ అనే ఎడిటర్ పనిముట్ల కట్ట తీసుకున్నాను. ఇది అచ్చం నా హద్దు సూత్రం మీదే నడుస్తుంది. ఏ పేరాలో ఏముండొచ్చో ముందే ఒక స్కీమా (నియమాల పట్టిక) రాసివ్వాలి, అందులో లేనిది లోపలికి రానే రాదు. నా స్కీమాలో పేరా, చిన్న శీర్షిక, బొద్దు అక్షరం, వాలు అక్షరం, లింకు, చుక్కల జాబితా. అంతే. రంగు లేదు, సైజు లేదు, మధ్యకి జరపడం లేదు. లైబ్రేరియన్ గారు ఎర్ర రంగు అడుగుతారని తెలుసు. దానికి జవాబు ఎర్ర రంగు బటన్ కాదు, 'ముఖ్యమైన నోటీసు' అనే రకం. రంగేమిటో డిజైన్ చూసుకుంటుంది.

ఇంకో తలనొప్పి అక్షరాల లెక్క. కార్యక్రమం శీర్షిక మరీ పొడవైతే కార్డు చెదిరిపోతుంది కాబట్టి ఒక పరిమితి పెట్టాలి. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ భాషలో 'లక్ష్మి' అన్న మాట పొడవు అడిగితే 7 అంటుంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: అన్ని భాషల అక్షరాలకీ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో ఏడు. రాసేవాళ్ల కంటికి అది రెండక్షరాలు. "ఇంకా మూడు అక్షరాలు మిగిలాయి" అని తెర మీద చూపించి, ఒక్క ఒత్తక్షరంతో అవి అయిపోతే మనిషికి ఒళ్లు మండదూ! ఇంటిల్ సెగ్మెంటర్ అని బ్రౌజర్‌లోనే ఒక పనిముట్టు ఉంది, కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టి ఇస్తుంది. అందులోనూ ఒక మెలిక: ఒత్తులున్న గుణింతాన్ని ఒకే అక్షరంగా పట్టుకునే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. అంతకుముందు బ్రౌజర్లయితే అదే మాటని నాలుగు ముక్కలంటాయి. కాబట్టి సంఖ్య చూపించడం మానేశాను. పరిమితి దగ్గర పడితే "కాస్త కుదించండి" అని ఒక మాట, దాటితే కార్డులో ఎలా తెగిపోతుందో అక్కడికక్కడే చూపించడం. లెక్క కంటే అది సూటిగా ఉంది.

సోమవారం

అతికింపుల రోజు. మామూలు మనుషులు ఎడిటర్‌లో కూర్చుని రాయరు. వర్డ్‌లో రాస్తారు, మెయిల్‌లో రాస్తారు, ఎవరో పంపినదాన్ని కాపీ చేస్తారు, తెచ్చి అతికిస్తారు. ఎడిటర్ అనేది ఎనభై పాళ్లు అతికించే చోటే అనుకుని కట్టాలి.

లైబ్రేరియన్ గారి దగ్గర నిజంగా ఉన్న ఫైళ్లు అడిగి తెచ్చుకున్నాను. వర్డ్ నుంచి ఒక్క వాక్యం కాపీ చేసి క్లిప్‌బోర్డు విప్పి చూస్తే, ఆ వాక్యానికి ముందు తెరలు తెరలుగా స్టైల్ షీట్, 'ఎంఎస్‌ఓనార్మల్' అనే క్లాసు, 'ఎంఎస్‌ఓ' అని మొదలయ్యే సీఎస్‌ఎస్ (రూపం చెప్పే కోడు) వరుసలు, 'ఓ:పీ' అనే వింత ట్యాగులు. గూగుల్ డాక్స్ ఇంకా తమాషా. కాపీ చేసినదంతా ఒక బొద్దు అక్షరాల ట్యాగులో చుట్టి, ఆ ట్యాగుకే 'బొద్దుగా ఉండొద్దు' అని స్టైల్ పెడుతుంది. స్టైల్ తీసేసి ట్యాగులు మాత్రం ఉంచుకునే శుభ్రతా పద్ధతి ఏదైనా పెట్టారో, పేరాలన్నీ నల్లగా బొద్దుగా ప్రత్యక్షం. ఇది తెలియక చాలామంది గూగుల్ డాక్స్‌ని తిడుతుంటారు. ఆ ఒక్క ట్యాగుకి విడిగా ఒక నియమం రాయాల్సిందే.

స్కీమా ఉండటం వల్ల మిగతా చెత్తంతా గడప దగ్గరే రాలిపోతోంది. అయినా సర్వర్ దగ్గర మళ్లీ ఇంకోసారి వడకట్టాలి. బ్రౌజర్‌లోని ఎడిటర్‌ని దాటుకుని నేరుగా సర్వర్‌కి ఏదైనా పంపొచ్చు, ఎడిటర్ ఎంత మర్యాదస్తురాలైనా అవతలివాళ్లు కానక్కర్లేదు. అనుమతించిన ట్యాగుల పట్టిక ఒకటే, ఇటూ అటూ అదే. లింకు మొదట్లో ఉండే ప్రోటోకాల్‌గా హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, మెయిల్‌కి మెయిల్‌టు, ఫోన్‌కి టెల్ తప్ప ఏదొచ్చినా తీసిపారేస్తుంది.

లింకుల సంగతి వచ్చింది కాబట్టి: ఎవరూ 'హెచ్‌టీటీపీఎస్' అని టైప్ చెయ్యరు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అనో, నేరుగా సైట్ పేరో రాస్తారు. దాన్ని అలాగే దాస్తే బ్రౌజర్ అది మన సైట్‌లోనే ఒక పేజీ అనుకుని, లేని చోటికి పంపుతుంది. మధ్యలో చుక్క ఉండి, ముందు ప్రోటోకాల్ లేకపోతే నేనే తగిలిస్తున్నాను. ఈమెయిల్‌లా ఉంటే మెయిల్‌టు. అంకెలే ఉంటే టెల్.

పాత ఫైళ్లలో ఇంకో రకం ఉంది, యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసినవి. ఆ ఫాంటు ఉన్న చోట అచ్చ తెలుగు, లేనిచోట పిచ్చి గీతలు. వాటిని మార్చిపెట్టడం ఈ ఎడిటర్ పని కాదని నిశ్చయించుకున్నాను. కానీ అతికించినదాంట్లో నెత్తిన చిన్న గుర్తులు తగిలించుకున్న లాటిన్ అక్షరాలు మరీ గుంపుగా కనిపిస్తే, "ఇది పాత ఫాంటులో ఉన్నట్టుంది, చదవగలుగుతున్నారా?" అని అడుగుతుంది. చదవలేకపోతే ఒక్క నొక్కుతో వెనక్కి.

మంగళవారం

ఫొటోలు. ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెళ్ల బొమ్మ 4032 × 3024 ఉంటుంది, బరువు నాలుగైదు మెగాబైట్లు. దాన్ని బ్రౌజర్‌లోనే 1600 వెడల్పుకి కుదించి పంపిస్తున్నాను. అప్‌లోడ్ తొందరగా అవుతుంది, అంతకంటే ముఖ్యంగా, క్యాన్వాస్ (కోడుతో బొమ్మ గీసే పలక) మీద మళ్లీ గీయడంతో ఫొటోలో దాగి ఉండే జీపీఎస్ వివరాలు పోతాయి. తన ఇంట్లో తీసిన ఫొటోతో ఇంటి ఆచూకీ కూడా సైట్ మీద పెడుతున్నానని ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు?

కత్తిరించే పనిముట్టు పెట్టలేదు. దాని బదులు "ముఖ్యమైన చోట నొక్కండి" అని ఒక్క మాట. ఆ బిందువు గుర్తుపెట్టుకుని, చట్రం నిలువైనా అడ్డమైనా ఆ చోటు కనిపించేట్టు సీఎస్‌ఎస్ చూసుకుంటుంది. గుంపు ఫొటోల్లో తలలు తెగిపోవడం దాదాపు ఆగిపోతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించిన హెచ్‌ఈఐసీ (ఐఫోన్ల ఫొటో రకం) ఫైళ్లని క్రోమ్ తెరవదు, వాటిని సర్వర్ దగ్గర మారుస్తున్నాను.

చూపులేనివాళ్లకి చదివి వినిపించే వర్ణన అడిగే గడి బొమ్మ కిందే ఉంటుంది. "ఆల్ట్ టెక్స్ట్" అని రాస్తే ఎవరూ నింపరు. "ఈ ఫొటోలో ఏముందో ఫోన్‌లో ఎవరికైనా చెప్పినట్టు రాయండి" అని పెట్టాను.

గురువారం

ఈ రోజు వాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు దిద్దుతుంటే చూశాను. నోరు మెదపకూడదని నాకు నేనే షరతు పెట్టుకున్నాను.

లైబ్రేరియన్ గారు పని వేళల మీద నొక్కారు. చుట్టూ గీత వచ్చింది. చెయ్యి మౌస్ మీదే ఉంది, కదలదు. "ఇది నొక్కితే ఏమన్నా పోతుందామ్మా?" అన్నారు నా వైపు తిరిగి. పోదు సార్ అన్నాను, షరతు అక్కడికే తప్పింది. ఆయన ఉన్న వాక్యమంతా ఎంచుకుని ఒక్కసారిగా చెరిపేశారు. వెంటనే ఆ గడి వెడల్పు సున్నా అయిపోయింది. గీత మాయం. మళ్లీ నొక్కడానికి అక్కడ ఏమీ లేదు. "చూశావా, పోయింది" అన్నారు.

ఖాళీ గడికి కనీసపు వెడల్పు ఉంది, "ఇక్కడ రాయండి" అనే బూడిద రంగు మాట కూడా ఉంది. సీఎస్‌ఎస్‌లో 'ఎంప్టీ' అన్న గుర్తుకి అవి కట్టి ఉన్నాయి. ఐతే అంతా చెరిపాక కూడా బ్రౌజర్ లోపల ఒక బీఆర్ (వరుస విరుపు) ట్యాగు మిగుల్చుతుంది. కంటికి ఖాళీ, సీఎస్‌ఎస్ దృష్టిలో ఖాళీ కాదు. అక్షరాలు లేవా అని జావాస్క్రిప్ట్‌తో చూసి, ఒక క్లాసు తగిలించి, కనీసపు వెడల్పుని దానికి కట్టాను. పావుగంట పని.

కానీ అసలు విషయం ఆ పావుగంట కాదు, ఆయన ప్రశ్న. బటన్ పెద్దది చేస్తేనో, సూచనలు రాస్తేనో ఆ ప్రశ్న పోదు. ఏం చేసినా వెనక్కి రావచ్చన్న నమ్మకం ముందుండాలి. ఇప్పటిదాకా నా పట్టికలో 'పాత ప్రతులు' చివర ఉంది, తీరికగా చేద్దామని. దాన్ని మొదటికి తెచ్చాను.

ఆ అమ్మాయి మాత్రం ఫోన్‌లో టకటకా నాలుగు మార్పులు చేసి, సేవ్ నొక్కకుండానే ఇంకో యాప్‌లోకి వెళ్లిపోయింది. "అదే సేవ్ అవుతుంది కదక్కా?" అంది. కంట్రోల్-ఎస్ అలవాటున్న తరం ఒకటి, అసలు సేవ్ అనే మాటే ఎరగని తరం ఒకటి. ఇద్దరికీ ఒకే సైట్.

శుక్రవారం, శనివారం

రెండు రోజులూ ఈ ఒక్క సంగతి మీదే.

ఇప్పుడు పద్ధతి ఇది. టైప్ చేస్తున్నంతసేపూ చిత్తుప్రతి దానంతటదే దాచుకుంటుంది, ముందు బ్రౌజర్‌లో, కాసేపటికి సర్వర్‌లో. నెట్ పోయినా, యాప్ మారినా రాసింది పోదు. కానీ చిత్తుప్రతి జనానికి కనిపించదు. 'అందరికీ చూపించు' అనే బటన్ నొక్కితేనే బయటికి వెళ్తుంది. 'సేవ్' అనే మాటని మొత్తానికే తీసేశాను. దాచడం యంత్రం పని, చూపించడం మనిషి నిర్ణయం.

చూపించిన ప్రతిసారీ ఆ పేజీ జేసన్ మొత్తం కొత్త వరుసగా చేరుతుంది, పాతది చెరగదు. అక్షరాలే కాబట్టి చోటు గురించి బెంగ లేదు. యూనికోడ్ తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది, అయినా పేజీ మొత్తం కలిపితే ఒక చిన్న ఫొటో అంత కూడా ఉండదు. పాత ప్రతుల జాబితాలో తేదీ, ఎవరు మార్చారు, ఏ గడి మారింది అన్నవి మామూలు మాటల్లో ఉంటాయి: "పని వేళలు మార్చారు". దాని మీద నొక్కితే ఆ రోజు పేజీ ఎలా ఉండేదో అలాగే వస్తుంది. పక్కనే 'దీన్నే మళ్లీ పెట్టు'. అలా పెట్టినా అదీ ఒక కొత్త వరుసే అవుతుంది, కాబట్టి వెనక్కి వెళ్లడం నుంచి కూడా వెనక్కి రావచ్చు.

కంట్రోల్-జెడ్ విషయంలో పేచీ ఉంది. జావాస్క్రిప్ట్ పేజీలో ఏదైనా మార్చితే బ్రౌజర్ సొంత అన్‌డూ చరిత్ర గందరగోళమవుతుంది. ప్రోజ్‌మిర్రర్ తన చరిత్ర తానే రాసుకుంటుంది, అక్కడ బాధ లేదు. జాబితాలో ఒక కార్యక్రమం తీసేసినప్పుడు మాత్రం "ఖచ్చితంగా తీసేయాలా?" అని అడగడం నాకిష్టం లేదు. అలా అడిగే పెట్టెలకి జనం చదవకుండా సరే కొట్టడం అలవాటు చేసుకున్నారు. అడక్కుండా తీసేసి, కింద "తీసేశాం. వెనక్కి తెమ్మంటారా?" అని చూపిస్తున్నాను.

ఇద్దరూ ఒకే పేజీని ఒకేసారి దిద్దితే? గూగుల్ డాక్స్‌లా ఇద్దరి కర్సర్లూ కదలాడే హంగు ఇక్కడ దండగ. పేజీ పంపేటప్పుడు దాని ఈట్యాగ్ (ఏ ప్రతో చెప్పే గుర్తు) ఇస్తున్నాను, చూపించేటప్పుడు 'ఇఫ్-మ్యాచ్' హెడర్‌లో అది తిరిగి రావాలి. ఈలోగా ఇంకొకరు మార్చి ఉంటే సర్వర్ 412 (షరతు కుదరలేదు) అంటుంది. అప్పుడు గడి గడికీ పోల్చి, వేర్వేరు గడులైతే నోరెత్తకుండా కలిపేస్తుంది. ఒకే గడి అయితే రెండు రాతలూ పక్కపక్కన పెట్టి ఏది ఉంచాలో అడుగుతుంది. విషయాన్ని మొదటే గడులుగా విడగొట్టుకున్నందుకు ఇది దక్కింది.

మంగళవారం

లాగిన్. పాస్‌వర్డ్ పెడితే అది మానిటర్ అంచున కాగితం మీద ఉంటుంది, నాకు తెలుసు. మెయిల్‌కి లింకు పంపే పద్ధతి పెట్టాను. కొన్ని మెయిల్ వ్యవస్థలు భద్రత కోసం వచ్చిన ప్రతి లింకునీ ముందే తెరిచి చూస్తాయి. ఒక్కసారే పనిచేసే లింకైతే మనిషి నొక్కేసరికే అది ఖర్చయిపోయి ఉంటుంది. అందుకని లింకు తెరిస్తే లాగిన్ అవ్వదు, 'లోపలికి వెళ్లండి' అనే బటన్ ఒకటి వస్తుంది, అది నొక్కితేనే టోకెన్ (లింకులోని ఒక్కసారి అనుమతి) ఖర్చు. యంత్రాలు లింకులు తెరుస్తాయి గానీ సాధారణంగా ఫారాలు నొక్కవు. ఒకసారి లోపలికి వచ్చాక అదే ఫోన్‌లో మూడు నెలలు అడగదు.

గురువారం

నోటీసుల సంగతి. పాత సైట్‌లో "రేపు సెలవు" అన్న నోటీసు నెలల తరబడి ఉండిపోయింది. పెట్టడం ఎంత తేలిక చేసినా, తీసేయడం ఎవరికీ గుర్తుండదు. ఎడిటర్లన్నీ చేర్చడం గురించే ఆలోచిస్తాయి.

కాబట్టి నోటీసు రాయగానే "ఎప్పటిదాకా ఉంచాలి?" అని గడి ఉంటుంది, అందులో ముందే ఒక వారం నింపి ఉంటుంది. గడువు దాటితే అది పాత నోటీసుల పేజీలోకి జరుగుతుంది, చెరగదు. కార్యక్రమం తేదీని మాటలుగా కాకుండా తేదీగానే తీసుకుంటున్నాను. అది దాటిన మర్నాడు 'రాబోయేవి' నుంచి 'జరిగినవి'లోకి దానంతటదే వెళ్తుంది. రాబోయేవి ఏవీ లేకపోతే ఆ విభాగమే కనిపించదు. ఖాళీ శీర్షిక కింద తెల్లటి చోటు ఉన్న సైట్ పాడుబడినట్టు అనిపిస్తుంది. దిద్దేవాళ్లకి మాత్రం "రాబోయే కార్యక్రమాలు లేవు, చేర్చండి" అని అక్కడే కనిపిస్తుంది.

లింకుల మీద నొక్కితే ఏమవ్వాలన్నది కూడా తేల్చాను. దిద్దే సమయంలో లింకు నొక్కితే కర్సర్ అక్కడ నిలుస్తుంది, పైన చిన్న బుడగలో 'తెరువు', 'మార్చు', 'తీసెయ్' వస్తాయి. అప్పటిదాకా లైబ్రేరియన్ గారు లింకు మాట సరిదిద్దబోయి వేరే పేజీలో తేలుతున్నారు.

మళ్లీ సోమవారం

సైట్ బయటికి వెళ్లింది. పాతది తీసేసి ఇది పెట్టాం. చిరునామాలు మారినచోట పాతవి కొత్తవాటికి 301తో (శాశ్వతంగా మారిందని చెప్పే సంకేతం) మళ్లించాను.

నేను ఊళ్లో లేకపోయినా, ఈ పనే మానేసినా వాళ్లు ఇరుక్కోకూడదు. డొమైన్ గ్రంథాలయం పేరు మీద, వాళ్ల మెయిల్‌తోనే నమోదై ఉంది. ఎస్‌క్యూలైట్ అంటే ఒకే ఒక ఫైలు, ప్రతి రాత్రీ దాని నకలు, బొమ్మల ఫోల్డరుతో సహా వేరే చోటికి వెళ్తుంది. నకలు తీయడం ఒక్కటే కాదు, దాన్నుంచి సైట్‌ని ఖాళీ యంత్రం మీద నిలబెట్టి చూశాను కూడా, లేకపోతే నకలు ఉందన్న మాటకి అర్థం లేదు. దిద్దేవాళ్ల తెరలో 'మొత్తం దింపుకోండి' అని ఒక బటన్ ఉంది. నొక్కితే సైట్ అంతా మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా ఒక జిప్‌లో వస్తుంది. దాన్ని ఏ హోస్టింగ్‌లో పడేసినా తెరుచుకుంటుంది, దిద్దే సదుపాయం మాత్రం ఉండదు.

వాడుక పుస్తకం రాయమన్నారు. ఒక్క పేజీ రాశాను: లోపలికి రావడం, చుక్కల గీత మీద నొక్కడం, అందరికీ చూపించడం, వెనక్కి వెళ్లడం. ఇవి కాక ఇంకేదైనా రాయాల్సి వస్తే తెరనే మార్చాలి.

బుధవారం

పాత ప్రతుల జాబితా తెరిచి చూశాను. ఆ అమ్మాయి కొత్త పుస్తకాలు చేరుస్తూనే ఉంది, చాలావరకు ఫోన్ నుంచే. లైబ్రేరియన్ గారు ఆయన పరిచయ పేరాని మార్చారు, వెనక్కి తెచ్చారు, మళ్లీ మార్చారు, కార్యవర్గం పేర్ల వరుస సరిచేశారు. నాకు ఫోన్ రాలేదు.

మధ్యాహ్నం మెయిల్ వచ్చింది, ఆయన దగ్గర్నుంచే. కార్యక్రమాల్లో ఒకదాన్ని పైకి జరపాలంటే ఎలాగని. జాబితాలన్నీ తేదీ వరుసలోనే నడుస్తున్నాయి కాబట్టి జరిపే సదుపాయం పెట్టలేదు. లాగి జరపడం ఫోన్‌లో నరకం, వేలు పెట్టగానే పేజీ కూడా కదులుతుంది. 'పైన ఉంచు' అనే ఒక టిక్కు చాలు, ఒకసారికి ఒక్కదానికే. రెండోదానికి పెడితే మొదటిది దిగిపోతుంది. సాయంత్రానికి అది పెట్టి, "చేశాను సార్, చూడండి" అని జవాబిచ్చాను. తర్వాతి పని వాళ్ల పుస్తకాల జాబితాకి వెతుకులాట. అది ఎడిటర్ విషయం కాదు కాబట్టి వేరే డైరీలో.